గుండ్రంలో తలకిందులైన ఆరు: నల్లగొండ, పాలమూరు ఇంజినీర్లకు బహిరంగ లేఖ

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల్లో కాలువలకు, రోడ్లకు, పైపులైన్లకు డ్రాయింగులు గీయించే ఇంజినీర్లకు, వాటిని చూసి సంతకం పెట్టే అధికారులకు, మాలాంటి డ్రాఫ్టింగ్ ఆఫీసులు నడిపేవారికి

నమస్కారం.

నేను నల్లగొండలో 14 ఏళ్లుగా డ్రాఫ్టింగ్ చేస్తున్నదాన్ని. సివిల్ డిప్లొమా అయ్యాక క్లాక్‌టవర్ సెంటర్ దగ్గర ఒక చిన్న ఆఫీసులో కుర్చీ దొరికింది. ఇప్పటికీ అదే పని. మీలో చాలామందికి నా ముఖం తెలియదు. కానీ నేను గీసిన షీట్లు ఎప్పుడో ఒకప్పుడు మీ టేబుల్ మీదకు వచ్చే ఉంటాయి. ఆ పరిచయంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

విషయం ఒక అంకె గురించి. గుండ్రంలో రాసిన 6 గురించి.

రెండేళ్ల కిందట ఒక మైనర్ కాలువ పని జరిగింది. ఏ కాలువ, ఏ ఏజెన్సీ అన్నది ఇక్కడ అవసరం లేదు. తప్పులో నా చెయ్యి కూడా ఉంది. ఆ కాలువ మీద మొత్తం 11 తూములు. ఏ తూముకు ఎంత సైజు హ్యూమ్ పైపు (సిమెంటు పైపు), ఏ లెవెల్‌లో వేయాలన్నది మొదటి షీట్‌లో పట్టికగా ఉంది. తర్వాతి షీట్లలో ప్లాన్ మీద తూము ఉన్న చోట ఒక చిన్న గుండ్రం, అందులో తూము నంబరు, అంతే. 6వ తూముకు 300 మిల్లీమీటర్ల పైపు, 9వ తూముకు 450. మూడో షీట్‌లో ఒక్కటే తూము ఉంది. అది 6వది.

కాలువ అక్కడ ఒక గుట్టను చుట్టుకుని పడమరకు తిరుగుతుంది. షీటు మీద చైనేజీ, అంటే కాలువ మొదలు నుంచి కొలిచే దూరం, ఎడమ నుంచి కుడికి పెరగాలి కాబట్టి, ఆ షీట్‌లో ప్లాన్‌ను దాదాపు సగం చుట్టు తిప్పాల్సి వచ్చింది. చైనేజీ లేబుళ్లు మా ఫైల్‌లోవి, సాఫ్ట్‌వేర్ వాటిని తనే నిటారుగా తిప్పుకుంది. గుండ్రాలు మాత్రం ఇంకో ఆఫీసు నుంచి వచ్చిన ఫైల్‌లోవి. అక్కడే ఎవరో వాటిని ఎక్స్‌ప్లోడ్ చేసి, అంటే విడి గీతలుగా, అక్షరాలుగా విడగొట్టి పంపారు. అవి ప్రాణం లేని ఉత్త టెక్స్ట్. ప్లాన్ తిరిగినప్పుడు దానితో పాటే తలకిందులయ్యాయి. పక్కనున్న అక్షరాలన్నీ సరిగ్గా ఉండటంతో గుండ్రంలో 9 అని కనిపించిన అంకె మీద ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు. ప్లాటర్ నుంచి కాగితం తీసి, మడిచి, కవర్లో పెట్టి ఇచ్చింది నేనే.

మేస్త్రీ 450 పైపు వేశాడు. ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) రాయడానికి వచ్చిన అసిస్టెంట్ ఇంజినీర్ గారు టేపు పెట్టి కొలిచినప్పుడు గాని తెలియలేదు. అప్పటికి హెడ్‌వాల్ కట్టేశారు, కట్ట మీద మట్టి పోసి దిమ్మిస కొట్టేశారు. 300 పైపుతో పోలిస్తే 450 పైపు వైశాల్యం రెండుంపావు రెట్లు. అది అలాగే ఉంటే పైనున్న పొలాలు ముందే నీళ్లు లాగేసుకుంటాయి, కింద చివరి ఆయకట్టుకు చేరేది చెమ్మే. సాగర్ ఎడమ కాలువ కింద చివరి భూముల గోడు తెలిసినవారికి ఇంతకంటే చెప్పక్కర్లేదు. కట్ట తవ్వి, పైపు తీసి, మళ్లీ వేశారు. నాట్లకు నారు సిద్ధం చేసుకున్న రైతులు గట్టు మీద కూర్చుని ఆ పని చూశారు.

తప్పు ఎక్కడ జరిగిందో చూద్దామని నన్ను కూడా సైట్‌కు పిలిచారు. అందరూ మేస్త్రీనే అంటున్నారు. ఆయన అరవై దాటిన మనిషి. నలిగిపోయిన ఏ3 ప్రింటు చొక్కా జేబులోంచి తీసి నా ముందు పెట్టాడు. "బిడ్డా, నాకు సదువు రాకపోవచ్చు గని అంకెలొస్తయ్. గీ కాయితంల తొమ్మిదే ఉన్నది, సూడు" అన్నాడు. చూశాను. తొమ్మిదే ఉంది.

ఆ రోజు నుంచి డ్రాయింగులో రాత ఏ వైపు తిరిగి ఉందన్నది నాకు అందానికి సంబంధించిన విషయం కాదు. 6, 9 మాత్రమే కాదు, తలకిందులైనా అంకెల్లాగే కనిపించేవి ఇంకా ఉన్నాయి. 16 తిరిగితే 91, 18 తిరిగితే 81, 68 తిరిగితే 89, 66 తిరిగితే 99. వాల్వుల నంబర్లకు, మ్యాన్‌హోళ్ల నంబర్లకు, సరిహద్దు రాళ్ల నంబర్లకు మనం వాడేవి ఇవే కదా. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన మర్రిగూడ వైపు ఊళ్లకు ఇప్పుడు భూమిలో వేసిన పైపుల ద్వారా కృష్ణా నీళ్లు వస్తున్నాయి. ఆ పైపు పగిలిన రోజు ఏ వాల్వు మూయాలో లైన్‌మన్‌కు చెప్పేది ఆ గుండ్రంలోని అంకే. కాలువ తప్పు కంటికి కనిపిస్తుంది, పైపు తప్పు మట్టి కింద ఏళ్ల తరబడి దాక్కుంటుంది.

సాంకేతికంగా ఏం జరుగుతుందో కొంచెం వివరంగా రాస్తాను. తెలిసినవారు మన్నించాలి. తెలియని కుర్రాళ్లు మా ఆఫీసుల్లో చాలామంది ఉన్నారు, వాళ్ల కోసం.

మన దగ్గర కాలువలకు, రోడ్లకు ఎక్కువగా వాడేది ఆటోడెస్క్ సివిల్ 3డి. ప్లాన్ పైన, ఎల్-సెక్షన్ (కాలువ పొడవునా ఎత్తుపల్లాలు చూపే బొమ్మ) కింద ఉండేలా షీట్లు తయారు చేయమంటే, ఆ సాఫ్ట్‌వేర్ అలైన్‌మెంట్‌ను, అంటే కాలువ పోయే గీతను, ముక్కలుగా చేసి, ఒక్కో ముక్క కాగితం మీద అడ్డంగా పడుకునేలా వ్యూపోర్టును తిప్పుతుంది. అసలు డ్రాయింగ్ కదలదు, దాన్ని చూసే కిటికీ మాత్రమే తిరుగుతుంది. ఇది మంచి పద్ధతి. తూర్పుకు పోయే కాలువకు పెద్దగా తిప్పే పని ఉండదు. పడమరకు పోయే కాలువకు సగం చుట్టు తిరుగుతుంది. అలా తిరిగినప్పుడు ప్రతి అక్షరమూ తనేం చేయాలో ముందే తెలుసుకుని ఉండాలి.

అది చెప్పేది లేబుల్ స్టైల్, అంటే లేబుల్ ఎలా కనిపించాలో పెట్టే సెట్టింగు. దాని జనరల్ ట్యాబ్‌లో ఓరియంటేషన్ రిఫరెన్స్ అని ఒకటి ఉంటుంది. అందులో మూడు రకాలు. ఆబ్జెక్ట్ అని పెడితే లేబుల్ కాలువ గీత ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. వ్యూ అని పెడితే కాగితానికి అడ్డంగా నిలుస్తుంది, కిటికీ ఎంత తిరిగినా సరే. వరల్డ్ కోఆర్డినేట్ సిస్టమ్ అని పెడితే భూమి మీది దిక్కులకు కట్టుబడి ఉంటుంది, కిటికీ తిరిగితే దానితో పాటు తిరుగుతుంది. చైనేజీకి ఆబ్జెక్ట్ సరిపోతుంది. తూము నంబరుకు, వాల్వు నంబరుకు, బోర్‌హోల్ నంబరుకు వ్యూ పెట్టాలి. మా దగ్గరికి వచ్చే ఫైళ్లలో ఎక్కువ గొడవ ఇక్కడే. ఒక స్టైల్‌ను ఇంకోదాని నుంచి కాపీ చేస్తారు, పేరు మారుస్తారు, ఇది మార్చరు.

దాని కిందే ప్లాన్ రీడబుల్ అనే గడి ఉంటుంది. అది ట్రూ అయి ఉంటే తలకిందులు కాబోయే రాతను సాఫ్ట్‌వేర్ తనే సగం చుట్టు తిప్పి నిలబెడుతుంది. ఎంత కోణం దాటితే తిప్పాలన్నది రీడబిలిటీ బయాస్ చెబుతుంది. మామూలుగా అది 110 డిగ్రీలు ఉంటుంది. చాలామంది ఇది చూసి, 90 ఉండాలి కదా, 110 ఎందుకు అని మార్చేస్తారు. దయచేసి మార్చకండి. పాలిటెక్నిక్ మొదటి సంవత్సరంలోనే మనకు ఒకటి నేర్పారు. డ్రాయింగు మీది రాత కింది వైపు నుంచి గాని, కుడి వైపు నుంచి గాని చదవగలిగేలా ఉండాలి. భారత ప్రమాణాల సంస్థ విద్యార్థుల కోసం వేసిన ఎస్‌పీ 46లోనూ కొలతలు రాసే పద్ధతి అదే. కుడి నుంచి చదివే రాత అంటే సరిగ్గా 90 డిగ్రీల దగ్గర నిలబడిన రాత. ఇప్పుడు మన కాలువలను తలుచుకోండి. కాంటూరు పట్టుకుని, గుట్టలు, ఒర్రెలు చూసుకుంటూ పోయే కాలువ ఎక్కడా తిన్నగా ఉండదు. షీట్‌లో నిలువుగా పోయే చోట ఒక చైనేజీ దగ్గర 88 డిగ్రీలు, తర్వాతి దాని దగ్గర 93, ఆ తర్వాత 89 ఉంటుంది. బయాస్ 90 పెడితే 93 దగ్గరి లేబుల్ ఒక్కటీ అటు తిరిగిపోతుంది. పక్కపక్క రెండు లేబుళ్లు, ఒకటి కుడి నుంచి చదవాలి, ఇంకోటి ఎడమ నుంచి. 110 ఉంటే ఆ 20 డిగ్రీల వెసులుబాటులో వంకరలన్నీ ఇమిడిపోతాయి, లేబుళ్లన్నీ ఒకే వైపు చూస్తాయి.

ఇంకో గడి ఉంది, యాంకర్‌ను (లేబుల్ పట్టుకుని ఉండే బిందువును) టెక్స్ట్‌తో పాటు తిప్పాలా వద్దా అని. దాన్ని ఎవరూ పట్టించుకోరు. కాలువ పనిలో మాత్రం అది ప్రాణం లాంటిది. రాత తిరిగినప్పుడు యాంకర్ సంగతి చూసుకోకపోతే లేబుల్ గీతకు అవతలి వైపుకు దూకవచ్చు. కుడి ఒడ్డున ఉన్న తూము పేరు ఎడమ ఒడ్డున కనిపిస్తుంది. ప్రవాహం పోయే వైపు ముఖం పెట్టి నిలబడి చూస్తే ఏది కుడి, ఏది ఎడమ అన్నది మనకు తెలుసు, కాగితం చేతిలో పట్టుకున్న మనిషికి మాత్రం అక్షరం ఎటు ఉంటే అదే ఒడ్డు. తిప్పిన షీట్‌లో ఒకసారి ట్రూ పెట్టి, ఒకసారి ఫాల్స్ పెట్టి చూసి, ఏది సరిగ్గా కూర్చుంటే అది ఉంచండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా లేబుల్ తిరగకపోతే కంగారు పడొద్దు. ముందు రీజెన్ (తెరను మళ్లీ గీయించే కమాండ్) కొట్టండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి, తిప్పిన వ్యూపోర్టును స్క్రీన్ ఇంకా పాత పద్ధతిలోనే చూపిస్తుంటుంది. తర్వాత ఆ ఒక్క లేబుల్‌ను కంట్రోల్ నొక్కి పట్టుకుని ఎంచుకుని, ఎవరైనా చేత్తో తిప్పారేమో చూడండి. అలా తిప్పి ఉంటే రీసెట్ లేబుల్ ఇస్తే మళ్లీ స్టైల్ మాట వింటుంది. ఆ తర్వాత లేఅవుట్ ట్యాబ్‌లో టెక్స్ట్ రొటేషన్ యాంగిల్. ఒకప్పుడెవరో తొందరలో అక్కడ 180 అని కొట్టి ఆ రోజుకు గండం గట్టెక్కించి ఉంటారు. ఆ 180 కాపీల మీద కాపీలుగా ఎన్ని ప్రాజెక్టులు తిరిగిందో చెప్పలేం. నాకు ఒక టెంప్లేట్‌లో దొరికింది, దాన్ని తీసేస్తే మూడు డ్రాయింగులు ఒకేసారి బాగయ్యాయి.

గుండ్రాల్లాంటివి లేబుళ్లుగా కాక బ్లాకులుగా (ఒకే ముక్కగా కట్టిన బొమ్మలుగా) ఉంటే వాటికి లేబుల్ స్టైల్ పనికిరాదు. బ్లాక్‌ను అనొటేటివ్‌గా చేసి, మ్యాచ్ ఓరియంటేషన్ టు లేఅవుట్ అనే టిక్కు పెడితే వ్యూపోర్టు ఎంత తిరిగినా గుండ్రంలోని అంకె కాగితానికి నిటారుగానే ఉంటుంది. ఎక్స్‌ప్లోడ్ చేయకుండా ఆ ఒక్క టిక్కు పెట్టి ఉంటే మా 6 ఆరుగానే ఉండేది. మిర్రర్ చేసిన డ్రాయింగుల్లో రాత అద్దంలో చూసినట్టు వస్తే మిర్ర్‌టెక్స్ట్ విలువ 0 ఉందో లేదో చూసుకోండి. పాత ఎక్స్‌ప్లోడ్ అయిన ఫైళ్లే చేతికొస్తే ఎక్స్‌ప్రెస్ టూల్స్‌లో టీఓరియంట్ అనే కమాండ్ ఉంది, వాలిపోయిన రాతను చదవగలిగే వైపుకు తిప్పుతుంది. దాని తర్వాత తిప్పిన షీట్‌లో కళ్లతో మళ్లీ చూసుకోవాల్సిందే.

ఇప్పుడు ఇంతకంటే పెద్ద విషయం. లేబుళ్లు మాట వినడం లేదని విసిగిపోయి కొందరు డ్రాయింగ్ మొత్తాన్ని ఎంచుకుని రొటేట్ కొట్టేస్తున్నారు. కాగితం మీద చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆ క్షణంలో కోఆర్డినేట్లన్నీ చచ్చిపోతాయి. ఎండలో తిరిగి డీజీపీఎస్‌తో (శాటిలైట్ల సాయంతో చోటు కొలిచే పరికరంతో) సర్వేయర్ తెచ్చిన పాయింట్లు భూమి మీద వాటి చోటును వదిలేస్తాయి. తర్వాత భూసేకరణకు గ్రామ నక్షా, టిప్పన్‌లు (ఒక్కో సర్వే నంబరు కొలతల చిత్రాలు) దాని మీద పెడితే ఏ సర్వే నంబరూ కుదరదు. ఎవరి పొలంలో ఎన్ని గుంటలు పోతున్నాయో లెక్క తప్పుతుంది. అర ఎకరం ఉన్నవాడికి రెండు గుంటలు చిన్న విషయం కాదు. తిప్పాలంటే డీవ్యూ కమాండులో ట్విస్ట్ ఉంది, యూసీఎస్ (మనం పని చేసే అక్షాలు) మార్చి ప్లాన్ కమాండ్ కొట్టే పద్ధతి ఉంది. రెండింటిలో ఏది వాడినా డ్రాయింగు తన చోట తాను ఉంటుంది.

పాలమూరు ఇంజినీర్లకు ఇక్కడ ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మహబూబ్‌నగర్ పట్టణం దగ్గరి నుంచే పోతుంది. యూటీఎం అనే మ్యాపు పద్ధతి భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా విడగొడుతుంది. ఆ రేఖకు పడమరన నారాయణపేట, గద్వాల యూటీఎం 43వ జోన్‌లో పడతాయి. తూర్పున వనపర్తి, నాగర్‌కర్నూల్, ఇటు నల్లగొండ 44వ జోన్‌లో పడతాయి. ఒక్కో జోన్‌కు మధ్య రేఖాంశం వేరు, కాబట్టి గ్రిడ్ ఉత్తరం (మ్యాపు గడుల గీతలు చూపే ఉత్తరం) కూడా వేరు. 78 డిగ్రీల దగ్గర, మన అక్షాంశంలో, ఒక్కో జోన్ గ్రిడ్ ఉత్తరం అసలు ఉత్తరం నుంచి దాదాపు 0.86 డిగ్రీలు వంగి ఉంటుంది, ఒకటి అటు, ఒకటి ఇటు. అంటే ఒకే కాలువ గీతకు 43లో వచ్చే బేరింగుకు (ఉత్తరం నుంచి కొలిచే కోణానికి), 44లో వచ్చే బేరింగుకు సుమారు 1.7 డిగ్రీల తేడా. కిలోమీటరు పొడవున అది 30 మీటర్ల పక్కదారి. రెండు ఆఫీసులు రెండు జోన్లలో సర్వే చేసి ఇస్తే, డ్రాయింగులు కలపబోయిన కుర్రాడికి ఒకటి కొంచెం వాలినట్టు కనిపిస్తుంది. వాడు దాన్ని కంటితో చూసి రొటేట్ చేసి అతికిస్తాడు. లేబుళ్లలోని బేరింగులు పాతవే ఉంటాయి, ఉత్తరం గుర్తు ఇంకెటో చూపిస్తుంది. అది డ్రాఫ్టింగ్ తప్పు అనుకుంటే పొరపాటు. జోన్ మార్చి, కోఆర్డినేట్లను సరైన పద్ధతిలో మార్చుకోవడమే దానికి మందు. ప్రతి షీట్ మీద ఉత్తరం గుర్తు పక్కన ఏ జోనో ఒక్క ముక్క రాస్తే ఈ గోల ఉండదు.

ఇంజినీర్ సార్లకు, మేడమ్‌లకు నా విన్నపం. డ్రాయింగు తీసుకునేటప్పుడు పీడీఎఫ్ మాత్రమే అడగకండి, ఫైల్ కూడా అడగండి. తెరిచి ఒక్క లేబుల్ మీద క్లిక్ చేయండి. అది లేబుల్‌గా ఉందా, ఉత్త టెక్స్ట్‌గా ఉందా అన్నది ఒక్క క్షణంలో తెలుస్తుంది. సివిల్ 3డి నుంచి మామూలు ఆటోక్యాడ్‌కు ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్ అయితే లేబుళ్లన్నీ ఆ క్షణంలో ఎలా ఉన్నాయో అలాగే గడ్డకట్టి ఉంటాయి. అలాంటి ఫైల్ ఎవరు ఇచ్చినా అసలు ఫైల్ అడిగి తీసుకోండి. గుండ్రంలో ఉత్త అంకెకు సంతకం పెట్టకండి. ఓటీ-6 (ఓటీ అంటే ఆఫ్‌టేక్, మన తూమే) అని ఉండనివ్వండి. ముందు రెండు అక్షరాలు ఉంటే తలకిందులైనప్పుడు మేస్త్రీకి కూడా తెలిసిపోతుంది. 6 కింద, 9 కింద చిన్న గీత గీయమనండి. దీనికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు.

డ్రాఫ్టింగ్ ఆఫీసుల వారికి నేను వేరేగా చెప్పేదేం లేదు, మన కష్టం ఒకటే. రాత్రి పదకొండుకు ఫోను వస్తుంది, పొద్దున టెండరు, షీట్లు కావాలంటారు. ఆ టెన్షన్‌లో ఎక్స్‌ప్లోడ్ కొట్టి చేత్తో తిప్పేయడం ఎంత తేలికో నాకు తెలుసు. అలా చేసిన షీటు తర్వాత ఎవరి చేతిలోకి పోతుందో మనకు కనిపించదు, అంతే తేడా. అలైన్‌మెంట్ కొంచెం మారిన రోజు ఆ చేత్తో తిప్పిన రాతలన్నీ మళ్లీ మొదటి నుంచి తిప్పాలి. స్టైల్‌లో ఒకసారి సరిచేస్తే ఆ పని ఉండదు.

ఇప్పుడు మా ఆఫీసులో ఒక అలవాటు పెట్టుకున్నాం. షీట్లు ఏ1లో ప్లాట్ చేసే ముందు ఒక్కో షీటు ఏ3లో తీస్తాను, ఎందుకంటే సైట్‌లో జేబులో ఉండేది ఏ3యే. దాన్ని టేబుల్ మీద తిన్నగా పెట్టి చూడను. ప్రవాహం వైపు తిప్పి, చేతిలో పట్టుకుని, నిలబడి చూస్తాను. కట్ట మీద నిలబడ్డ మనిషి అలాగే పట్టుకుంటాడు. ఆ కోణంలో ఒక్క అంకె అనుమానంగా ఉన్నా వెనక్కి వెళ్లి స్టైల్ తెరుస్తాను.

ఓరియంటేషన్, ప్లాన్ రీడబుల్, 110 డిగ్రీల బయాస్, అనొటేటివ్ గుండ్రాలు, ఉత్తరం గుర్తు పక్కన జోన్ నంబరు, అన్నీ సరిచేసి ఒక టెంప్లేట్ తయారు చేసుకున్నాను. కాలువలకు ఒకటి, పైపులైన్లకు ఒకటి. ఈ రెండు జిల్లాల్లో ఏ ఆఫీసైనా, ఏ పాలిటెక్నిక్ అయినా అడిగితే ఇస్తాను. నాకు డబ్బులు వద్దు. మీ దగ్గర ఇంతకంటే మంచిది ఉంటే నాకు ఇవ్వండి, మా ఆఫీసులో రేపటి నుంచే అది వాడతాం.

ఇట్లు,
ఒక డ్రాఫ్ట్స్‌మన్,
నల్లగొండ